దట్టించే కర్ర మీద రెండు గాట్లు

ఆ శుభవార్త టపా మోసే రూబెన్ టోపీలో వచ్చింది.

ఆగస్టు నెల సగం గడిచిన బుధవారం అది. నెల్డా వసారా మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళకు పీచు తీస్తోంది. వాగు దాటి కంచరగాడిద గట్టెక్కుతున్న చప్పుడు వినగానే, అమ్మ ఉత్తరం రాసిందేమోనని ఒళ్ళో చిక్కుళ్ళు మెట్ల మీద దొర్లిపోయేలా లేచి నిలబడింది. రూబెన్ మాత్రం టపా సంచి జోలికే పోలేదు. బట్టతల ఎండలో మెరుస్తుండగా, జీను మీద ముందు పెట్టుకున్న టోపీని నిండు గిన్నెలా రెండు చేతులతో పట్టి ఆమెకు అందించాడు. అందులో ఉన్నది ఆకుపచ్చని పొట్టు. ఎవరో పనీపాటా లేకుండా కూర్చుని పచ్చికాయలను గోటితో గిల్లి గిల్లి పోసినట్టుంది.

"తాతకియ్యి అమ్మాయ్. ఆయనకి తెలుస్తుంది" అన్నాడు రూబెన్.

ఈనక్ తాత నెల్డా భర్త అర్విల్‌కు తండ్రి తండ్రి. రెండేళ్ళుగా ఆయన కళ్ళకు పొగ కమ్మింది. వెలుతురూ నీడా తెలుస్తాయి, ఎదుట ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. టోపీ ఒళ్ళో పెట్టగానే ఆయన లోపలికి చెయ్యి పోనిచ్చి పొట్టును వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కాసేపు చప్పరించాడు.

"ఏ గట్టు?" అని అడిగాడు.

సీమకోడి గట్టు మీద, అక్రోటులాంటి కాయలు కాసే పెద్ద హికరీ చెట్టు కింద దొరికిందని రూబెన్ చెప్పాడు. పొద్దున ఆ దారిన వస్తుంటే నెత్తిన ఏదో టపటపా రాలిందట. వాన కాబోలనుకుని తలెత్తితే మబ్బు తునక కూడా లేదట. చెట్టు పైకొమ్మల్లో మూడు ఉడతల తోకలు కనిపించాయట.

"మొదలెట్టాయి" అన్నాడు తాత. ఆ ఒక్క మాటకు ఆయన ముఖంలోని ముడతలన్నీ చోటు మారాయి.

నెల్డాకు పెళ్ళయి మూడు వారాల నాలుగు రోజులయింది. రోజులు ఆమె లెక్కపెట్టడం లేదు, అవే లెక్కకు వస్తున్నాయి. దిగువ మైదానంలో పుట్టి పెరిగింది. కాలేజీలో చెట్ల శాస్త్రం చదివి, హికరీకి లాటిన్‌లో ఏమంటారో, దాని ఆకుకు ఎన్ని రెక్కలుంటాయో పరీక్షలో తప్పు లేకుండా రాసి వచ్చింది. కానీ ఒక గట్టు మీద ఉన్న వంద చెట్లలోనూ ఉడతలు ముందుగా ఒక్క చెట్టునే పట్టుకుంటాయనీ, దాని కాయలన్నీ కొరికి పారేసేదాకా పక్క చెట్టు వైపు చూడవనీ ఏ పుస్తకమూ ఆమెకు చెప్పలేదు. పొలం నుంచి అర్విల్ వచ్చేసరికి ఆమె ఆ పొట్టునంతా బల్ల మీద పరిచి, ఏ ముక్క మీద పై పంటి గాటుందో, ఏ ముక్క మీద కింది పంటిదో వేరు చేస్తోంది.

"ఏం కనిపెట్టావు?" అని అడిగాడు అర్విల్.

"ఒక ఉడతకి ముందుపన్ను విరిగింది" అంది నెల్డా.

అర్విల్ నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అతని చూపు తలుపు పైనున్న తుపాకి మీదికి పోయింది.

అది తాతకు వాళ్ళ తాత ఇచ్చిన తుపాకి. నిలబెడితే నెల్డా గడ్డం దాకా వస్తుంది. గొట్టం లోపలంతా గాజులా నున్నగా ఉంటుంది. మందూ, సీసపు రవ్వా మూతి నుంచే పోసి దట్టించాలి. చకుముకి రాయి కొట్టిన నిప్పుతో పేలుతుంది. ఈ ఇంట్లో ఐదు తరాల వాళ్ళు దానితో కొట్టిన ఉడతల పులుసు తాగి పెరిగారు. అర్విల్ తండ్రి గనిలో పోయిన ఏడు, పదేళ్ళ అర్విల్‌ను గట్టెక్కించి, ఆ తుపాకి బరువును తన భుజం మీద ఆనించుకుని, వాడిచేత మొదటి ఉడతను కొట్టించింది తాతే. కానీ నాలుగేళ్ళ కిందట అర్విల్ పట్నంలో కొత్తరకం తుపాకి కొనుక్కున్నాడు. తూటాలు పెట్టి నొక్కడమే పని. అప్పటి నుంచీ పాతది తలుపు మీది నుంచి దిగలేదు.

కొత్త తారు రోడ్డు మీద పెట్రోలు అమ్మే డెన్‌జిల్‌కు ఆ సంగతి తెలుసు. అతను అర్విల్‌కు పెదనాన్న కొడుకు. కార్లలో వచ్చే వాళ్ళు చూసి ముచ్చట పడతారు, నా కొట్టు గోడకి తగిలిస్తానియ్యి తాతా అని పోయిన నెలలో వచ్చి అడిగాడు. ఎవరూ పొరపాటున పేల్చకుండా తుపాకి చెవిలో సీసం కరిగించి పోయిస్తానని కూడా చెప్పాడు. ఆ చెవి గొట్టం అడుగున ఉండే సూదిబెజ్జం. నిప్పు లోపలికి పోయే దారి అదొక్కటే. అది మూసుకుంటే తుపాకికీ రోకలికీ తేడా ఉండదు.

తాత కాదనలేదు. పేలని తుపాకి ఏ గోడ మీదుంటే ఏమిటన్నాడు. ఉడతలు హికరీ పట్టాక ఈ ఇంటివాళ్ళెవరైనా మూడు మందులతో, అంటే మూడుసార్లు పేల్చి, రెండు ఉడతలు తెస్తే అది ఈ ఇంట్లో ఉంటుంది, లేకపోతే ఆ శనివారం వచ్చి పట్టుకుపో అని డెన్‌జిల్‌కు మాటిచ్చాడు. ఒక ఉడత ఒకరి నోటికే, రెండుంటే కుండ పెట్టొచ్చు అని ఆయన లెక్క.

అర్విల్ ఆ మాట విని చేలోకి వెళ్ళిపోయాడట. తర్వాత రెండు రోజులు మొక్కజొన్న చేలో కలుపు మొక్కలతో పాటు మొక్కజొన్న కూడా నరికేశాడట. ఆ సంగతి నెల్డాకు రూబెనే చెప్పాడు.

ఆ సాయంత్రం, దీపం పెట్టకముందే, తాత బల్ల దగ్గర కూర్చుని మూడు మందులూ కొలిచాడు. సీమకోడి కాలి ఎముకను కోసి చేసిన కొలపాత్ర ఆయన దగ్గరుంది. దానితో ఒక కొల నల్లమందు, అదే కొల సీసపు రవ్వ. మందును వార్తాపత్రిక ముక్కల్లో మూడు పొట్లాలు కట్టాడు. రవ్వను దాణాసంచి మట్టిరంగు కాగితంలో మూడు పొట్లాలు కట్టాడు. మధ్యలో కూరడానికి నిరుటి కందిరీగల గూడు ఒకటి అటక మీది నుంచి దింపించాడు. బూడిదరంగు గూడు, పొరలు పొరలుగా ఊడివస్తోంది. నెల్డా ఒక పొర తీసి కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. కాగితమే. కందిరీగలు కర్రను నమిలి చేసిన కాగితం.

"మామూలు కాగితం కూరకూడదా తాతా?"

"కాగితం నిప్పంటుకుని ఎండుటాకుల్లో పడుతుంది. ఇది మాడుతుంది గానీ మండదు. అడవి తగలబడితే ఉడతలెక్కడివి?"

కందిరీగలకు ఈ విద్య ఎవరు నేర్పారని ఆమె అడిగింది. రవ్వ గుండ్రంగా ఎలా వస్తుందని అడిగింది. మందు నల్లగా ఎందుకుంటుందని, ఎముక సీమకోడిదే ఎందుకని అడిగింది. తాత అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఆఖరి పొట్లం మడిచాక, ఆమె వైపు ముఖం తిప్పాడు.

"ఒక్క మాట విను మనవరాలా. అడవిలో ఎంతయినా అడుగు, గుసగుసగా అడుగు. వాడు దట్టించేటప్పుడు మాత్రం మాట్లాడకు. ఈ గట్ల మీద దట్టించేవాడితో వాడి పెళ్ళామూ మాట్లాడదు, పాదిరీ మాట్లాడడు."

నెల్డా అలాగేనంది. మనస్ఫూర్తిగానే అంది.

గురువారం తెల్లవారుజామున ఇద్దరూ బయల్దేరారు. మంచులో తడిసిన సాలెగూళ్ళు దారికి అడ్డంగా తోరణాలు కట్టి ఉన్నాయి. ముందు నడిచే అర్విల్ ముఖానికి అవి అంటుకుంటుంటే వెనక నుంచి నెల్డా నవ్వాపుకుంటోంది. ఆమె జేబులో రాత్రి మిగిలిన రెండు రొట్టెలు, మధ్యలో జొన్నదంట్ల రసం కాచిన తీపి జొన్నపాకం పూసి పెట్టింది. ఆ పాకం కారి జేబు అంటుకుపోతుందని తెలిసినా ఆమెకు అదీ బాగానే ఉంది. ఇలాంటి పొద్దున, ఇలాంటి మనిషి వెనక, జేబు జిగురైతే మాత్రం ఏం?

పెద్ద హికరీ బెరడు పాతగోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. ముప్ఫై అడుగుల దూరంలో పడిపోయిన ఓక్ మాను ఒకటుంది. దాని వెనక ఇద్దరూ కూర్చున్నారు. వెలుతురు ఇంకా సరిగా రాలేదు, కానీ పైన పని మొదలైంది. కరకర, కరకర. పొట్టు ఆకుల మీద చిరుజల్లులా రాలుతోంది. నెల్డా అరచెయ్యి చాపింది. ఒక ముక్క వచ్చి అందులో పడింది. ఇంకా తడిగా ఉంది. ఆమె దాన్ని పారెయ్యలేక రొట్టెల జేబులోనే వేసుకుంది.

అర్విల్ తుపాకి పిడిని నేల మీద ఆనించి దట్టించడానికి కూర్చున్నాడు. పొట్లాలన్నీ మాను మీద వరసగా పెట్టాడు. దట్టించే కర్రను గొట్టం కింది నుంచి లాగి ముందుగా ఖాళీ గొట్టంలోకి ఒకసారి వదిలి చూశాడు. అది అడుగు తగిలి టింగుమంది. మూతికి సరిగ్గా సమానంగా దిగింది. మళ్ళీ పైకి లాగి పక్కన పెట్టాడు. వార్తాపత్రిక పొట్లం చేతిలోకి తీసుకున్నాడు.

నెల్డా పెదవులు బిగించి కూర్చుంది. చూపు మాత్రం ఊరుకోలేదు. హికరీ కర్రతో చేసిన ఆ దట్టించే కర్ర ఎన్ని చేతుల్లో నలిగిందో, తేనెరంగు తేలి ఉంది. పై కొసకు దగ్గరగా కత్తితో కోసిన గాటొకటి, దానికి రెండు వేళ్ళ కింద ఇంకొక గాటు. తుపాకి మీద ఎక్కడా నగిషీ లేదు. కర్రకు మాత్రం ఎందుకు? పది అంకెలు లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. ఇరవై రెండో అంకె దగ్గర మాట దానంతటదే జారిపోయింది.

"ఈ రెండు గాట్లు ఎందుకు?"

అర్విల్ చేతిలోని పొట్లం మాను మీద పెట్టాడు. కర్ర ఎత్తి, గాట్ల మీద బొటనవేలు రాసి చూసి, "ఏమో, ఎప్పటి నుంచో ఉన్నాయి" అన్నాడు గుసగుసగా. వెంటనే నెల్డా రెండు చేతులతో తన నోరు మూసుకుంది. ఆ చేతుల మీదుగా కనిపిస్తున్న కళ్ళను చూసి అతనికి నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే కందిరీగ గూటి పొర ఒకటి ఉండ చుట్టి గొట్టంలోకి తోశాడు. రవ్వ పొట్లం విప్పి పోశాడు. పైన ఇంకో ఉండ పెట్టి కర్రతో దట్టించాడు. చెవి పక్కనున్న బుల్లి గిన్నెలో చిన్న కొమ్ములోంచి రంజకం పోసి మూత వేశాడు. నిప్పురవ్వ ముందుగా అంటుకునేది ఈ చిటికెడు మందే.

ఉడత తనంతట తానే దారికి వచ్చింది. బూడిదరంగుది, పుష్టిగా ఉంది. కాయ నోట కరచుకుని అడ్డకొమ్మ మీద కూర్చుని తోక వీపు మీదికి మడుచుకుంది. అర్విల్ గొట్టాన్ని మాను మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాడు. చకుముకి రాయి టక్కుమంది. గిన్నెలోంచి బుస్సున మంట లేచింది. తెల్లటి పొగ పూలచెండులా పైకి పోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఉడత లేదు, చప్పుడు లేదు.

ఆలస్యంగా పేలుతుందేమోనని అర్విల్ తుపాకి దించకుండా అలాగే వంద లెక్కపెట్టాడు. అప్పటికి నెల్డా చూపు మాను మీద ఆగింది. మట్టిరంగు కాగితం పొట్లాలు రెండున్నాయి. వార్తాపత్రిక పొట్లాలు మూడున్నాయి.

ఆమె వేలు చాపి చూపించింది.

అర్విల్ తుపాకి దించి ఆ మూడు పొట్లాలనూ వేలితో లెక్కపెట్టాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నెల్డాకు. అతను తిట్టలేదు. మెడ వెనక రుద్దుకుని, "మందు లేకుండా రవ్వ దట్టించాను. పదేళ్ళ పిల్లాడు కూడా చెయ్యడు" అన్నాడంతే.

"నా వల్లే."

"చెయ్యి నాదే కదా."

గొట్టంలో ఇరుక్కున్న రవ్వను బయటికి తియ్యడానికి ఒకటే దారి ఉంది. చెవి బెజ్జంలోంచి, సన్నటి తీగతో, రంజకం ఒక్కో నలుసు లోపలికి కూరాలి. అర్విల్ పది నిమిషాలు ఆ పని చేస్తుంటే నెల్డా నిజంగానే నోరెత్తలేదు. కానీ బుర్ర ఊరుకుంటుందా? దట్టించే కర్ర ఆమె ఒళ్ళోనే ఉంది. గొట్టంలో ఇప్పుడు రవ్వ ఉంది, మందు లేదు. ఆమె కర్రను మెల్లగా మూతిలోంచి వదిలింది. పై గాటు మూతి బయట ఆగింది. కింది గాటు లోపలే ఉండిపోయింది. మందూ రవ్వా ఒకటే కొల అని నిన్న సాయంత్రం తాత చేతులు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇక ఆమె వల్ల కాలేదు. అర్విల్ తీగ పక్కన పెట్టేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. ఒక గాటు మందుకి, రెండోది రవ్వకి. రెండూ పడితే రెండు గాట్లూ బయట ఉండాలి. ఒక్కటే కనిపించిందంటే ఏదో ఒకటి మర్చిపోయినట్టు.

అర్విల్ కర్ర వంకా, ఆమె వంకా చూశాడు. "పదిహేనేళ్ళుగా ఈ కర్ర నాకు తెలుసు" అన్నాడు. "నువ్వు అడక్కపోతే తప్పు జరిగేది కాదు. నువ్వు అడిగిందేమో ఆ తప్పు జరగకుండా చూసేదాని గురించి."

అది తిట్టో పొగడ్తో ఇద్దరికీ తెలియలేదు. చెట్టుకు ఎదురు దిక్కున గొట్టం పెట్టి మీట నొక్కాడు. ముసలి గొర్రె తుమ్మినట్టు ఒక చప్పుడైంది. సీసపు రవ్వంతా నాలుగడుగుల దూరంలో జలజలా రాలింది.

ఇప్పుడిక రెండు రవ్వ పొట్లాలు, కావలసినవి రెండు ఉడతలు. గురి తప్పే వీలు లేదు. రొట్టెలు తిన్నారు. అరగంట కదలకుండా కూర్చున్నారు. చప్పుడు మర్చిపోయి ఉడతలు మళ్ళీ కొరకడం మొదలెట్టాయి. ఈసారి అర్విల్ దట్టించాక ఆమె కర్ర చూపించింది, రెండు గాట్లూ బయట ఉన్నాయి. కానీ ఉడత గడుసుది. వీళ్ళ వాసన తగిలిందేమో, హికరీ మాను చాటుకు పోయి అటువైపు నుంచే కొరుకుతోంది. అర్విల్ చేత్తో సైగ చేశాడు. నెల్డా వంగి వంగి చెట్టు చుట్టూ తిరిగి అవతలికి పోయి, అర్విల్‌కు అడ్డం రాకుండా ఒక పక్కన పొద దగ్గర కూర్చుని కొమ్మను ఊపింది. ఉడత ఆమెను తప్పించుకోవడానికి చెట్టు ఇవతలికి జరిగింది. అక్కడ అర్విల్ ఉన్నాడు.

ఆ పేలుడుకు గట్టు గట్టంతా బదులు పలికింది. పొగ విడిపోయేదాకా ఏమీ కనిపించలేదు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసింది. ఆ వాసన అంత బాగుంటుందని నెల్డా ఎన్నడూ అనుకోలేదు. ఉడత చెట్టు మొదట్లో ఆకుల్లో పడి ఉంది. దాని ముందుపళ్ళు చూసింది. రెండూ బాగానే ఉన్నాయి. పన్ను విరిగిన వాడు ఇంకా పైనే ఉన్నాడు.

ఆఖరి మందు దట్టించారు. ఎండ చెట్ల తలల మీదికి ఎక్కింది. ఇంకాసేపయితే ఉడతలు గూళ్ళకు పోతాయి. అప్పుడు వచ్చిందొకటి, కింది కొమ్మ మీదికి, తీరిగ్గా. అర్విల్ గురి పెట్టాడు. వేలు మీట మీదికి పోయింది. ఉడత కాయను తిప్పడానికి వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. దాని పొట్ట మీద రెండు వరసల్లో బొచ్చు రాలి, చర్మం ఎర్రగా కనిపించడం నెల్డా చూసింది.

మాట్లాడితే అది పారిపోతుంది. మాట్లాడకపోతే ఇల్లు తుపాకిని నిలబెట్టుకుంటుంది. ఆమెకు రెండూ ఒక్క క్షణంలో తోచాయి. ఎక్కడో తొర్రలో కళ్ళు తెరవని పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయన్న సంగతి కూడా అదే క్షణంలో తోచింది. ఆమె వేలితో అర్విల్ మోచేతిని ముట్టుకుంది.

అతను తల తిప్పకుండానే మళ్ళీ చూశాడు. ఈసారి చూడవలసింది చూశాడు. పాలిచ్చే తల్లిని ఈ గట్ల మీద ఎవరూ కొట్టరు. తుపాకి మెల్లగా దించాడు. తల్లి ఉడత కాయ పూర్తిగా తిని, మీసాలు తుడుచుకుని, వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏదీ రాలేదు.

ఇంటికి వచ్చేసరికి తాత వసారాలో కాఫీని సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. రంజకం ఊదేసి, చెవికి తోలుముక్క కట్టి తెచ్చిన తుపాకిని అర్విల్ గోడకు ఆనించాడు. ఉడతను తాత ఒళ్ళో పెట్టాడు. ఆయన దాని బరువు చూసి, తోక నిమిరి, తల తనకేనని గుర్తు చేశాడు. మెదడు పెద్దవాళ్ళ వాటా.

"రెండు వినిపించాయి" అన్నాడు తర్వాత. "ఒకటి తుపాకి. మొదటిదేంటి, ఎవరన్నా తుమ్మారా?"

అర్విల్ గొంతు సవరించుకున్నాడు. మంచుకి మందు చెమ్మగిల్లిందని చెప్పవచ్చు. అలాంటివి జరుగుతూనే ఉంటాయి. నెల్డా అతన్ని ఆ మాట చెప్పనివ్వలేదు. జేబులోంచి వార్తాపత్రిక పొట్లం తీసి తాత చేతిలో పెట్టింది. దానికి జొన్నపాకం అంటుకుని ఉంది. తాను నోరు జారిన సంగతి, గాట్ల గురించి అడిగిన సంగతి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పాలిచ్చే ఉడత సంగతి కూడా దాచలేదు.

తాత భుజాలు కదలడం మొదలెట్టాయి. సాసరులో కాఫీ తొణికింది. ఆయన ఏడుస్తున్నాడేమోనని ఆమె భయపడింది గానీ, ఆయన నవ్వుతున్నాడు.

"ఆ గాట్లు ఎవరు కోశారో తెలుసా? మీ నానమ్మ. మాకు పెళ్ళయి నెల తిరగలేదు. నేను దట్టిస్తుంటే పక్కన కూర్చుని ఒకటే వాగుడు. మూడు రోజుల్లో రెండుసార్లు మందు మర్చిపోయాను. నోరు మూసుకోవే అన్నాను. నోరు మూసుకోవడం నా వల్ల కాదు, నీ కర్రకే కళ్ళు పెడతానని చెప్పి, యాపిల్ కోసే కత్తితో రెండు గాట్లు పెట్టింది." కళ్ళు తుడుచుకున్నాడు. "నా కొడుకులు అడగలేదు. వీడూ అడగలేదు. ఈ ఇంట్లో అడిగేవాళ్ళు లేక ముప్ఫై ఏళ్ళయింది."

అర్విల్ మెట్ల మీద కూలబడ్డాడు. "శనివారం డెన్‌జిల్ వస్తాడు తాతా. ఉడత ఒకటే."

తాత చెయ్యి చాపి కర్ర ఇమ్మన్నాడు. తుపాకిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కర్రను మూతిలోకి వదిలి, బొటనవేలితో తడిమాడు. ఒక గాటు. దాని కింద రెండో గాటు. వేలు అక్కడే చాలాసేపు ఆగింది.

"మూడు మందులకి రెండు ఉడతలన్నాను. మూడోది గొట్టంలోనే ఉంది కదరా. మాట ఇంకా తెగలేదు. ఒక్క రాత్రికి ఏం చెడదు, మూతికి గుడ్డ కుక్కు." ఆయన ముఖం నెల్డా ఉన్న వైపు తిరిగింది. "వీడు నీకు కొత్త తుపాకితో డబ్బాల మీద పేల్చడం నేర్పాడన్నావు. పది డబ్బాలకి ఎన్ని కొడతావు?"

"ఐదు తాతా. ఒక్కరోజు ఆరు."

"ఆడమనిషి చేత పేల్పించి నెగ్గామంటే డెన్‌జిల్ ఊరుకోడు" అన్నాడు అర్విల్.

"ఈ ఇంటివాళ్ళెవరైనా అని వాడితో అన్నాను. వాడు మగాళ్ళని విన్నాడేమో, అది వాడి చెవి. నావి పోయాక ఈ ఇంటికి కళ్ళు కావాలి. నీ కళ్ళు కాయ మీదే ఉంటాయి, ఈ పిల్లవి అన్నిటి మీదా ఉంటాయి." సాసరులో మిగిలిన కాఫీ తాగేసి కింద పెట్టాడు. "రేపు నాలుగింటికి లేవండి. తుపాకి నువ్వు మొయ్యి, నన్నూ చెయ్యి పట్టి గట్టెక్కించు. పేల్చేది అమ్మాయి. నేను ఆ హికరీకి వీపు ఆనించి కూర్చుని వింటాను. ఆ పన్ను విరిగినవాడు ఏ కొమ్మ మీదున్నాడో కొరికే చప్పుడును బట్టి చెబుతా. రొట్టెలకి పాకం ఈసారి కాస్త ఎక్కువ పుయ్యండి."